గ్రీజు వద్దన్న పాయింట్లు

ఆ ఇంట్లో చప్పుడు చేసే తలుపు ఒక్కటీ లేదు. కిటికీ రెక్కలు, గేటు గడియ, బీరువా బందులు, మనవరాలి సైకిలు గొలుసు, వేటికి ఎప్పుడు గ్రీజు పట్టించాలో పెద్దాయనే చూసుకుంటాడు. రైల్వేలో పాయింట్ల మనిషిగా చేరి, పాయింట్ల మనిషిగానే రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా చెయ్యి ఊరుకోదు కదా. ఒకసారి అల్లుడి కత్తెరకు కూడా రాసేశాడు. అల్లుడు దర్జీ. ఎవరిదో తెల్లచొక్కా మీద నల్లటి మరకలు పడ్డాయి. మామగారిని ఏమనగలడు? ఆ రోజు నుంచి కత్తెరను పై అరలో దాచుకుంటున్నాడు. మనవరాలికి అలాంటి మొహమాటాలేం లేవు. 'గ్రీజు తాత' అని పేరు పెట్టేసింది. వీధిలో పిల్లలందరికీ ఆయన గ్రీజు తాతే.

ఆయన కూతురు ఇప్పుడు పాయింట్ల సూపర్వైజరు. నలభై దాటిన మనిషి. కళ్ళజోడు, ఖాకీ కోటు, చేతి కింద ఒక గ్యాంగు. ఇన్ని ఉన్నా ఏం లాభం? ఒకరోజు తండ్రి స్టేషనుకొచ్చి, అందరి ముందూ, "బుజ్జీ, క్యారేజీ మర్చిపోయావే" అని కేక వేశాడు. అంతే. అప్పటి నుంచి గ్యాంగులో ఆమె ఎదురుగా ఉంటే మేడం, పక్కకు తిరిగితే బుజ్జక్క. ఆమెకూ తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

పాయింటంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. రైలు ఒక దారి వదిలి ఇంకో దారిలోకి మళ్ళే చోట, పట్టాల మధ్య రెండు ఉక్కు నాలుకలు ఉంటాయి. అవి ఇటో అటో జరిగితేనే బండి ఇటో అటో పోతుంది. ఆ నాలుకలు ఇనుప పలకల మీద జారుతాయి. పలక ఎండితే నాలుక కదలదు. నాలుక సరిగ్గా అతుక్కోకపోతే సిగ్నలు పచ్చబడదు. సిగ్నలు పచ్చబడకపోతే బండి కదలదు, బండి కదలకపోతే అందులో కూర్చున్న ప్రతి మనిషీ పేరు కూడా తెలియని బుజ్జక్కను తిట్టుకుంటాడు. అందుకని పలకలకు ఎప్పుడూ గ్రీజు ఉండాలి.

ఆ గ్రీజు రాసేది రాత్రిపూట. పగలంతా బళ్ళు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తుంటే పట్టాల మీద మోకాళ్ళు ఆనించేదెప్పుడు? చివరి బండి పోయాక, మొదటి బండి రాకముందు, ఆ కాస్త వ్యవధిలో పని ముగించాలి. పెద్దాయన ఉద్యోగం అంతా అలాగే గడిచింది. కూతురిదీ అలాగే గడుస్తోంది. మనవరాలు బడికి బయల్దేరే వేళకు ఆమె ఇంటికి వస్తుంది. ఆ పిల్ల ఇంటికి వచ్చి పుస్తకాలు ముందేసుకునే వేళకు ఆమె కోటు తొడుక్కుంటుంది. ఆమె పగలు పడుకుంటుంది కాబట్టి భర్త కుట్టు మిషనును పడకగది పక్క నుంచి వీధి గదిలోకి మార్చుకున్నాడు. నలుగురూ కలిసి ఒక పూట అన్నం తిన్నది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు. దాని గురించి ఎవరూ గొడవ పడలేదు కూడా. అలవాటైపోయింది, అంతే. ఆ అలవాటే ఆమెకు నచ్చలేదు.

ఈలోగా కొత్త లైను వచ్చింది. ఊరి పాత స్టేషను నుంచి అవతల కొత్తగా లేచిన పేటల దాకా వేస్తున్న లైను. దాని పెద్ద ఇంజనీరు కాస్త తేడా మనిషి. మామూలుగా లైను కట్టేసి, రంగులేసి, ఆ తర్వాత "ఇదిగో, ఇక చూసుకోండి" అని మరమ్మతుల వాళ్ళకు అప్పగిస్తారు. ఈయన అలా కాదు. కట్టేశాక పిలిచి తిట్టించుకోవడం కన్నా, కట్టకముందే పిలిచి తిట్టించుకోవడం చవక అన్నాడు. అలా బుజ్జక్క ప్లాన్ల గదిలో కుర్చీ సంపాదించింది.

మొదటి రోజు ఆమె కిమ్మనలేదు. రెండో రోజు గోడ మీద పరిచిన ప్లాను దగ్గరకు వెళ్ళి, ఒక పాయింటు మీద వేలు పెట్టి, ఇది ఎవరి కోసం అని అడిగింది. ఎవరికీ తెలియలేదు. ఎప్పుడైనా పనికొస్తుందని పెట్టారట. ఎప్పుడైనా పనికొచ్చేదానికి ఎప్పుడూ చాకిరీ చెయ్యాలని ఆమె అంది. పెద్ద ఇంజనీరు మారు మాట్లాడకుండా రబ్బరు తీసి ఆ పాయింటును చెరిపేశాడు. ఇక ఆమెకు ధైర్యం వచ్చింది. పాయింట్ల పక్కన మనిషి నడిచే బాట కావాలంది. పనిముట్ల వ్యాను పాయింటు దాకా రావాలంది, లేకపోతే పాయింటును జరిపే బరువైన మోటారును మోసుకు రావడానికే సగం పూట పోతుందంది. మధ్యాహ్నం జనం పలచగా ఉండే వేళ బళ్ళ మధ్య కాస్త ఖాళీ వదలమంది. అన్నీ ఒప్పుకున్నారు. చివరికి ఆమె అసలు విషయానికి వచ్చింది.

గ్రీజు అక్కర్లేని పాయింట్లు ఉన్నాయని ఆమె ఎక్కడో చదివింది. వాటిలో నాలుక పలకల మీద జారదు, చిన్న చిన్న రోలర్ల మీద దొర్లుతుంది. గ్రీజు రాయకూడదు. దుమ్ము తుడిస్తే చాలు. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువే గానీ, గ్రీజు లేదు కాబట్టి రాత్రి గ్యాంగు అక్కర్లేదు. మధ్యాహ్నపు ఖాళీలో వెళ్ళి చూసుకోవచ్చు. రోజూ రాత్రి మనుషుల్ని పంపే ఖర్చుతో పోలిస్తే ఇదే తక్కువ పడుతుందని ఆమె లెక్క వేసి చూపించింది. పెద్ద ఇంజనీరు ఆ లెక్కను రెండుసార్లు చూసుకుని, ఒక షరతు పెట్టాడు. ప్రారంభానికి ముందు నెల రోజులు ఖాళీ బళ్ళు తిప్పుతారు. ఆ నెల పాయింట్లు మొరాయించకుండా పనిచేస్తే కొత్త లైను ఆమెదే, ఆమె గ్యాంగు అంతా పగటి డ్యూటీకి మారుతుంది. మొరాయిస్తే వాటిని పీకేసి పాత రకం పెడతారు, రాత్రి గ్రీజు యథాతథం.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త మిషను ఆపేశాడు. కూతురు, "అయితే రాత్రిళ్ళు ఇంట్లోనే ఉంటావా?" అని అడిగింది. ఇంకా ఖాయం కాలేదని ఆమె చెప్పింది గానీ, ఆ పిల్ల చెవిన వేసుకుంటేగా. పెద్దాయన మాత్రం గ్రీజు లేకుండా పాయింటేమిటి అన్నట్టు ఒక చూపు చూసి, గేటు దాకా నడవడానికి వెళ్ళిపోయాడు.

పరీక్ష బళ్ళు మొదలయ్యాయి. సీట్లలో మనుషుల బదులు ఇసుక బస్తాలు పెట్టారు. ఇంత బుద్ధిమంతులైన ప్రయాణికుల్ని తను ఎన్నడూ ఎరగనని డ్రైవరు అందరితో చెప్పుకు తిరిగాడు. మొదటి వారం అంతా సాఫీగా నడిచింది. రెండో వారం, చివరి స్టేషను ముందున్న పాయింటు సగం దాకా వచ్చి ఆగిపోయింది. నాలుక అతుక్కోలేదు, సిగ్నలు ఎర్రగా ఉండిపోయింది, ఇసుక బస్తాలు చాలాసేపు ఎండలో కూర్చున్నాయి. కొత్తది కదా, సర్దుకుంటుంది అనుకున్నారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆగింది. ఈసారి పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చాడు. కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటేనే నయమని ఆమెకు అనిపించింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే పాత రకానికి ఆర్డరు పెట్టక తప్పదని మెల్లగా చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే, పాత లైను డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా, ఆమె గ్యాంగుతో కొత్త పాయింటు దగ్గరకు వెళ్ళింది. ఆ నెలంతా వాళ్ళకు రెండు పనులు, రాత్రి పాత లైను, పొద్దున కాసేపు కొత్త లైను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని రోలర్ల కింద వేలు పెట్టి చూసింది. వేలికి నల్లటి ముద్ద అంటుకుంది. కొత్త కంకర దుమ్ము, ఇసుక, వాటిని అతికించి పట్టుకున్న గ్రీజు. పొడిగా ఉంటే గాలికి ఎగిరిపోవలసిన దుమ్ము, గ్రీజు దొరికేసరికి కాపురం పెట్టేసింది. వద్దన్న చోట గ్రీజు ఎలా వచ్చింది?

ఆమె లేచి గ్యాంగు వైపు చూసింది. గ్యాంగంటే ముగ్గురు. మేస్త్రి వాళ్ళలో పెద్ద, పెద్దాయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. రెండోవాడు పొడుగాయన. ఎంత పొడుగంటే, పాయింటు దగ్గర వంగడానికే అతనికి కొంత సమయం పడుతుంది. మూడోవాడికి ఈమధ్యే పెళ్ళయింది కాబట్టి అందరూ పెళ్ళికొడుకనే పిలుస్తున్నారు. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా కంకర వైపు చూస్తున్నారు.

"ఎవరు రాశారు?" అని ఆమె అడిగింది.

మేస్త్రే ముందు గొంతు సవరించుకుని, "నేనేనమ్మా. పాయింటు అలా ఎండిపోయి ఉంటే చూడలేకపోయాను. మీ మాట నిలబడాలి గదా అని కొంచెం రాశాను. కొంచెమే" అన్నాడు.

పొడుగాయన ఉలిక్కిపడ్డాడు. మేస్త్రి రాసిన సంగతి అతనికి తెలియదట. పాయింటు మొరాయిస్తే మేడం పరువు పోతుందని అతనూ కొంచెం రాశాడట. పెళ్ళికొడుకు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి తల వంచుకున్నాడు. పగటి డ్యూటీ వస్తే ముందుగా బాగుపడేది తన కాపురమే కాబట్టి, వీళ్ళిద్దరి మీదా నమ్మకం లేక, అతను రెండు చోట్ల రాశాడు. అతనిదీ కొంచెమే. ముగ్గురూ ఎవరికి వాళ్ళే, మిగతావాళ్ళకు తెలియకుండా, ఆమె మీద అభిమానంతో ఆమె కొంప ముంచబోయారు.

ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. తిట్టాలని నోరు తెరిచి, ఏమని తిట్టాలో తెలియక, పాఠం చెప్పడం మొదలెట్టింది. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఇదిగో, ఇక్కడ పొడిగా ఉండాలి, ఇక్కడ మెరవాలి, మెరవడం అంటే గ్రీజు మెరుపు కాదు ఇనుము మెరుపు, ఒక్క చుక్క పడినా దుమ్ము పడుతుంది అంటూ ఒక్కొక్క రోలరూ చూపిస్తూ, ముద్దను గోకి తీసి, కోటు జేబులోంచి గుడ్డ లాగి శుభ్రంగా తుడిచింది. మేస్త్రి దగ్గాడు. ఆమె పట్టించుకోలేదు. అతను మళ్ళీ దగ్గాడు.

"ఏమైంది మేస్త్రి గారూ?"

"ఏం లేదమ్మా. ఆ గుడ్డ..."

ఆమె చేతిలోకి చూసుకుంది. రాత్రి పాత లైనులో వాడిన గుడ్డ. గ్రీజుతో తడిసి బరువుగా ఉంది. అప్పుడే శుభ్రం చేశాననుకున్న రోలరు మీద సన్నటి గ్రీజు పొర నిగనిగలాడుతోంది. అంతేనా, తుడవడం అయ్యాక ఆమె బొటనవేలు, ఆమెను అడక్కుండానే, పలక అంచున ఒక చార గీసింది. ఆ చార ఆమెకు బాగా తెలుసు. పాత పాయింటు దగ్గర పని ముగిసిందని గుర్తుగా చివర్లో అలా గీస్తారు. ఆమెకు నేర్పింది తండ్రి. వచ్చిన ప్రతి పొద్దునా ఆ గుడ్డతోనే తుడిచింది, ఆ చార గీసే లేచింది. ముగ్గురికీ ఎప్పుడో తెలుసు. మేడంగారే రాస్తున్నారు కదా, పైకి వద్దంటున్నా మనసులో రాయమనే ఉందనుకున్నారు.

ఆమె పట్టా మీద చతికిలబడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వద్దు వద్దని గోల పెట్టిన మనిషే అందరికన్నా ముందు రాసింది. కాసేపటికి ఎందుకో నవ్వొచ్చింది. ముందు ఆమె నవ్వింది, తర్వాత పెళ్ళికొడుకు ధైర్యం చేశాడు, ఆ వెనక మిగతా ఇద్దరూ.

నవ్వు ఆగాక అసలు చిక్కు మిగిలింది. పెద్ద ఇంజనీరుకు ఏం చెప్పాలి? దుమ్ము పట్టింది, తుడిచేశాం అంటే అబద్ధం కాదు, ఎవరూ అడగరు. కానీ రేపు కొత్త గ్యాంగు వస్తే వాళ్ళ చేతులూ ఇంతే చేస్తాయి. ఆమె తిన్నగా ఆయన గదికి వెళ్ళి, తను గీసిన చారతో సహా జరిగిందంతా చెప్పేసింది. ఆయన పకపకా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, పాయింట్లు బాగానే ఉన్నాయని తేలింది గానీ, ఇప్పుడు తన అనుమానం చేతుల మీద అన్నాడు. అలవాటు పడ్డ చేతిని ఆపగలరా? ఊరికే ఆపలేమని, దానికి ఇంకో పని ఇవ్వాలని ఆమె చెప్పింది. మిగిలిన రోజుల్లో ఆ పని చేసి చూపించమన్నాడు. షరతు మాత్రం మారలేదు, ఇంకొక్కసారి ఆగితే అంతే.

ఆ మధ్యాహ్నం ఆమె నిద్ర మానుకుని భర్త దగ్గర కూర్చుంది. కుట్టగా మిగిలిన తెల్లగుడ్డ ముక్కలు ఎన్ని ఉంటే అన్ని కావాలంది. తెల్లవే కావాలి, చిన్న మరక పడినా దాక్కోకూడదు. ఎందుకో విన్నాక అతను ముక్కలు ఇచ్చి ఊరుకోలేదు. వాటిని నలుచదరంగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టాడు. ఒక్కొక్కరికి నడుముకు కట్టుకునే సంచి కుట్టాడు. పొడుగాయన సంచికి తాడు చాల్లేదని మళ్ళీ కుట్టాడు. రైల్వేవాళ్ళు ఇన్నాళ్ళూ నా భార్యను వాడుకున్నారు, ఇప్పుడు నన్నూ వాడుకుంటున్నారు అని గొణిగాడు గానీ, మొహం వెలిగిపోతూనే ఉంది.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. పాత లైను గుడ్డలు, గ్రీజు డబ్బా, కోట్లు అన్నీ పాత స్టేషనులోనే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కుని, తెల్లసంచులు కట్టుకుని కొత్త లైనుకు వచ్చేవారు. రోలర్లు తుడిచేవారు. తుడిచిన గుడ్డను పైకెత్తి ఒకరికొకరు చూపించుకోవాలి. దుమ్ము రంగు ఉంటే సరే, నలుపు కనబడితే ఆ పూట టీ ఆ మనిషి ఖాతాలో. రెండు రోజులు పెళ్ళికొడుకు అందరికీ టీ తాగించాడు, ఒకరోజు బుజ్జక్క తాగించింది. ఆ తర్వాత గుడ్డలు తెల్లగా వచ్చాయి. చార గీసే బొటనవేలికి కూడా ఆమె ఒక పని కనిపెట్టింది. చివర్లో గుడ్డను మడిచి సంచిలోకి నొక్కాలి. అలా నొక్కితే పని ముగిసినట్టు. పాయింటు మళ్ళీ ఆగలేదు.

ఇంట్లో మాత్రం ఒకటి తేడాపడింది. తెల్లసంచులు ఎందుకని పెద్దాయన అడిగాడు, కూతురు దాచకుండా చెప్పింది, చార సంగతితో సహా. ఆయన విని "ఊ" అన్నాడు. ఆ రోజు నుంచి గ్రీజు డబ్బా ముట్టుకోలేదు. నాలుగు రోజులకు గేటు కిర్రుమంది. మనవరాలు పరిగెత్తుకొచ్చి తాతయ్యకు ఒంట్లో బాలేదా అని అడిగింది. గేటు తెరిచినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, ఆయన విననట్టు పేపరు తిప్పడం. అల్లుడే మెల్లగా కదిలించి చూశాడు. అంత రాసిందీ దండగేనా అని ఆయన అడిగాడట. అది విని కూతురు వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. పాత పాయింట్లకు గ్రీజే ప్రాణమని, ఇప్పటికీ తను రోజూ రాత్రి వెళ్ళి రాస్తున్నానని ఆయనకు చెప్పింది. ఆయన కాదనలేదు. దానికీ "ఊ" అనే అన్నాడు.

నెల చివరి రోజు వచ్చింది. ఆ రోజు ఇసుక బస్తాలు దింపేసి, లైను మీద పనిచేసినవాళ్ళ కుటుంబాలను ఎక్కించారు. తలుపులు, ఫ్యాన్లు, మనుషులు ఎక్కి దిగడానికి పట్టే సమయం, అన్నీ చూడాలట. పెళ్ళికొడుకు భార్య, మేస్త్రి మనవలు, పొడుగాయన తల్లి, అందరూ ఉతికిన బట్టల్లో వచ్చారు. పెద్దాయన రానంటాడేమోనని కూతురు భయపడింది. ఆయన అందరికన్నా ముందు చెప్పులు తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు.

చివరి స్టేషనులో అందరూ దిగారు. ప్లాట్‌ఫారం మీదే పెద్ద ఇంజనీరు ఆమెను పిలిచి, వచ్చే నెల నుంచి మీ గ్యాంగుది పగటి డ్యూటీ, కొత్త లైను మీది అన్నాడు. అంతకన్నా ఉపన్యాసం ఇవ్వలేదు. పెళ్ళికొడుకు అందరి ముందూ భార్య చెయ్యి పట్టుకుని మళ్ళీ వదిలేశాడు. బుజ్జక్కకు ఒళ్ళంతా తేలికైంది. ఎవరికి ముందు చెప్పాలా అని చుట్టూ చూస్తే, తండ్రి ప్లాట్‌ఫారం చివర ఒంటరిగా నిలబడి పాయింటు వైపు చూస్తున్నాడు.

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. పాయింటు కదిలింది. నాలుకలు రోలర్ల మీద మెత్తగా దొర్లి అవతలి పట్టాకు అతుక్కున్నాయి, పాయింటు పడింది. సిగ్నలు పచ్చబడింది. పెద్దాయన రెండు మూడుసార్లు అలా కదలడం చూశాడు.

"రాత్రిళ్ళు దీన్ని చూడ్డానికి ఎవరొస్తారు?" అని అడిగాడు.

"ఎవరూ రారు నాన్నా. పగలే."

"నువ్వు?"

"నేను ఇంట్లోనే ఉంటాను."

ఆయన తలూపాడు. తర్వాత పాయింటు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"నీ చిన్నప్పుడు ఇవి ఉంటే బాగుండేదే, బుజ్జీ. నువ్వు నిద్ర లేచాకే నేను ఇంటికొచ్చేవాణ్ణి. ఎప్పుడు చూసినా మేలుకునే ఉండేదానివి. నిద్రలో నువ్వెలా ఉంటావో నాకు తెలీదు. మీ అమ్మ చెబితే వినడమే."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చెయ్యి పట్టుకుని బండి దాకా నడిపించుకొచ్చింది. ఆయనకు నడవడానికి సాయం అక్కర్లేదు, అయినా చెయ్యి విడిపించుకోలేదు.

తిరుగు బండిలో ఆమె తండ్రి పక్కన కూర్చుంది. ఎదుటి సీట్లో భర్త, కూతురు. నెలంతా రాత్రీ పగలూ కలిపి తిరిగిన ఒళ్ళు. బండి కదిలి కాసింత దూరం పోయిందో లేదో, ఆమె తల పక్కకు వాలింది. ముందు కిటికీకి, ఆ తర్వాత తండ్రి భుజానికి. నోరు కొద్దిగా తెరుచుకుంది. కళ్ళజోడు ముక్కు కొసకు జారింది. పెద్దాయన దాన్ని మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కదలకుండా కూర్చుని కూతురి మొహం చూడసాగాడు. మేస్త్రి ఏదో చెప్పబోతూ వస్తే చేత్తోనే వారించి వెనక్కి పంపాడు. మనవరాలు గట్టిగా నవ్వితే వేలు పెదవుల మీద పెట్టాడు. కిటికీలోంచి కొత్త పేటలు, కొత్త స్టేషన్లు అన్నీ పోతున్నాయి, ఆయన ఒక్కదాన్నీ చూడలేదు.

పాత స్టేషను వచ్చింది. అందరూ దిగిపోతున్నారు. అల్లుడు లేచి సంచి అందుకుని, ఆమెను లేపబోయాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మామయ్యా, అందరూ దిగిపోయారు. బండి ఇక షెడ్డుకు వెళ్ళిపోతుంది" అన్నాడు అల్లుడు.

"పోతే పోనీ" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "పాయింట్లు బాగానే పడుతున్నాయిగా."